పల్లెకు వైద్యం ఎంత దూరం?

మనిషి నివసించదగిన ఊరికి ఉండవలసిన లక్షణాలేమిటో సుమతీ శతకకారుడు ఏనాడో చెప్పాడు. అవసరానికి అప్పిచ్చేవాడు, రోగం వస్తే చూసే వైద్యుడు, ఎడతెగక పారే ఏరు, శుభాశుభాలు జరిపించే ద్విజుడు ఉన్న ఊరిలోనే ఉండాలనీ, అవి లేని ఊరిలో అడుగుపెట్టవద్దనీ ఆయన హితవు. తరతరాలుగా తెలుగు పిల్లలు కంఠస్థం చేస్తూ వచ్చిన పద్యమది. అయితే ఈ హితవును అక్షరాలా పాటించవలసి వస్తే దేశంలోని ఎన్నో పల్లెలు ఖాళీ అయిపోతాయి. 2011 జనాభా లెక్కల నాటికి భారతదేశ ప్రజలలో నూటికి 69 మంది గ్రామవాసులే. పొలం, పశువు, ఇల్లు, పని అన్నీ ఉన్నచోటును విడిచి వారు వైద్యుణ్ణి వెతుక్కొంటూ వలసపోలేరు. ఆ పద్యంలో అప్పిచ్చేవాడు, వైద్యుడు పక్కపక్కనే నిలిచారు. నేటి పల్లె బతుకులో ఆ ఇద్దరి సంబంధం మరింత దగ్గరైంది. జబ్బుపడిన కూలి మనిషి పట్నంలోని వైద్యుణ్ణి చూడడానికి ముందు ఊరిలోని అప్పులవాణ్ణి చూడవలసి వస్తున్నది.

పల్లెల ఆరోగ్యాన్ని గురించి చర్చ వచ్చినప్పుడల్లా ‘వైద్యులు గ్రామాలకు పోవడం లేదు’ అన్న ఫిర్యాదు వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. కాని అది సమస్యలో సగమే. పట్టభద్రుడైన వైద్యుణ్ణి ప్రతి పల్లెకూ పంపడం ఏ ప్రభుత్వానికీ సాధ్యమయ్యే పని కాదు. పల్లెకు ముందుగా కావలసింది దగ్గరితనం. అర్ధరాత్రి తలుపు తడితే పలికే మనిషి, ఆ మనిషికి తగిన శిక్షణ, చేతిలో సరైన మందు, వెనుక అండగా నిలిచే వైద్యుడు - ఈ నాలుగూ కలిసిననాడే గ్రామీణ వైద్యం సార్థకమవుతుంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవి నిష్ఫలమవుతాయి.

దూరమనేది కిలోమీటర్లలో మాత్రమే కొలవదగినది కాదు. వ్యవసాయ కూలికి ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నదంటే ఆ దూరానికి ఎన్నో ఖర్చులు తోడవుతాయి. ఆ రోజు కూలి పోతుంది. తోడు వచ్చినవారి కూలి కూడా పోతుంది. బస్సు ఛార్జీలు, పరీక్షల ఖర్చు, మందుల ఖర్చు మీద పడతాయి. స్త్రీల విషయంలో ఈ దూరం ఇంకా పెరుగుతుంది. ఇంట్లో పిల్లలను ఎవరు చూడాలి, గేదెకు మేత ఎవరు వేయాలి, వెంట ఎవరు రావాలి అన్న ప్రశ్నలకు సమాధానం దొరికేసరికి రోగం ముదిరిపోతుంది. ‘చూద్దాంలే, తగ్గుతుందిలే’ అన్న మాటను పట్టణవాసులు అజ్ఞానంగా భావిస్తారు. నిజానికది తప్పనిసరి లెక్క. చేతిలో డబ్బు లేని మనిషి తన జబ్బును తానే వాయిదా వేసుకొంటున్నాడు.

కొన్ని రోగాలు వాయిదాకు ఒప్పుకోవు. పాముకాటు అందుకు ఉదాహరణ. కట్లపాము ఎక్కువగా రాత్రివేళ నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి అంతగా ఉండకపోవడం వల్ల గుర్తించడమే ఆలస్యమవుతుంది. రక్తపింజరి చేలగట్ల మీద పనిచేసేవారి పాలిట మృత్యువు. 2011లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం, 2005 ప్రాంతంలో దేశంలో ఏటా సుమారు 46 వేల మంది పాముకాటుతో మరణించారని అంచనా వేసింది. ఆ మరణాలలో నూటికి 97 గ్రామాలలోనే సంభవించాయి. నూటికి 23 మాత్రమే ఆసుపత్రులలో సంభవించగా, మిగిలినవారు వైద్యశాలలో ఉండగా కన్నుమూసినవారు కారు. జనాభా నిష్పత్తిలో ఈ మరణాల రేటు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అత్యధికమని ఆ అధ్యయనం చెప్పింది. పాముకాటుకు విరుగుడు మందు లోకంలో లేక కాదు, అది వేళకు అందక ఇన్ని ప్రాణాలు పోతున్నాయి. మందుకూ మనిషికీ మధ్యనున్న దూరమే ఇక్కడ అసలు విషం.

ఈ దూరాన్ని తగ్గించాలన్న ఆలోచన దేశానికి కొత్తది కాదు. 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పాటైన సంఘం 1946లో తన నివేదికను సమర్పించింది. చికిత్స, రోగనివారణ ఒకేచోట సాగాలనీ, డబ్బు చెల్లించలేడన్న కారణంతో ఏ పౌరుడూ వైద్యానికి దూరం కాకూడదనీ ఆ సంఘం ఆశించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న భావన ఆ నివేదికతోనే బలపడింది. 1952లో సమాజ వికాస పథకంతోపాటు ఆ కేంద్రాల స్థాపన మొదలైంది. తరువాతి కాలంలో మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, కొండ ప్రాంతాలలో, గిరిజన ప్రాంతాలలో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్న నియమం ఏర్పడింది. అలాగే మైదానంలో 5 వేల మందికి, కొండ ప్రాంతాలలో 3 వేల మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నారు. కాగితం మీద ఇంత చక్కని అల్లిక అరుదు.

అదే భోర్ సంఘం మరొక సిఫారసు కూడా చేసింది. ఆనాడు దేశంలో రెండు తరగతుల వైద్యులుండేవారు. పట్టభద్రులు కొందరు, తక్కువ కాలంలో శిక్షణ ముగించుకొన్న లైసెన్షియేట్లు కొందరు. దేశమంతటా ఒకే ప్రమాణం గల వైద్యుడు ఉండాలన్న సదుద్దేశంతో ఆ రెండవ తరగతి చదువును ఎత్తివేయాలని సంఘం సూచించింది. సభ్యులలో కొందరు ఈ సూచనతో విభేదించారు కూడా. ఉద్దేశం గొప్పదే. పట్నానికొక వైద్యం, పల్లెకొక వైద్యం ఉండరాదన్న సమతాభావం అందులో ఉన్నది. కాని ఫలితం వేరుగా పరిణమించింది. లైసెన్షియేట్లు క్రమంగా కనుమరుగయ్యారు. పట్టభద్రులు చాలినంతమంది పల్లెలకు చేరలేదు. ఉన్నతమైన వైద్యం వస్తుందని ఎదురుచూసిన పల్లెకు ఉన్న వైద్యం కూడా కరవైంది.

పట్టభద్రులు పల్లెలో ఎందుకు నిలవలేకపోయారన్న ప్రశ్నకు స్వార్థమొక్కటే సమాధానమనడం న్యాయం కాదు. వైద్య విద్యార్థి శిక్షణ అంతా నగరంలోని పెద్ద ఆసుపత్రిలోనే జరుగుతుంది. అక్కడ అడుగడుగునా పరికరాలు, సలహా చెప్పడానికి నిపుణులు ఉంటారు. ఆ శిక్షణతో పల్లెకు వెళ్లిన యువవైద్యుడికి ఒక్కసారిగా చేతులు కట్టివేసినట్లవుతుంది. నివాసగృహం శిథిలమై ఉంటుంది. మందుల గదిలో సగం అరలు ఖాళీగా ఉంటాయి. రోగులను చూడవలసిన సమయాన్ని నివేదికలు తినివేస్తాయి. భార్యకు లేదా భర్తకు ఉద్యోగం, పిల్లలకు మంచి బడి దొరకవు. ప్రాణం దక్కకపోతే బంధువుల ఆగ్రహాన్ని ఒంటరిగా ఎదుర్కోవలసి వస్తుంది. సౌకర్యాలు కల్పించకుండా త్యాగాన్ని మాత్రమే కోరే వ్యవస్థ ఎక్కువ కాలం నిలవదు.

ఖాళీ అయిన చోటు ఖాళీగా ఉండదు. పట్టభద్రుడు లేని పల్లెలోకి ఆర్.ఎం.పి. వైద్యుడు వచ్చాడు. ఆ మూడక్షరాలకు అసలు అర్థం ‘నమోదైన వైద్యుడు’ అని. కాని తెలుగునాట ఆ పేరుతో పిలువబడేవారిలో అత్యధికుల పేర్లు ఏ వైద్యమండలి పట్టికలోనూ ఉండవు. పట్నంలో ఒక వైద్యుని దగ్గర కొన్నేళ్లు సహాయకుడిగా పనిచేసి, సూదిమందు వేయడం నేర్చుకొని, సొంత ఊరికి వచ్చి వైద్యం ఆరంభించినవారు వీరిలో ఎందరో ఉన్నారు. ఇది తెలుగునాటికే పరిమితమైన విషయం కాదు. 2001 జనాభా లెక్కలను విశ్లేషించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దేశంలో అల్లోపతి వైద్యులుగా నమోదైనవారిలో నూటికి 57 మందికి వైద్య విద్యార్హత లేదు. గ్రామాలలోనైతే అర్హత గలవారు నూటికి 19 మంది మాత్రమే.

ఈ గ్రామీణ వైద్యుణ్ణి గురించి రెండు నిజాలను ఏకకాలంలో అంగీకరించవలసి ఉన్నది. మొదటిది, అతడు ఊరికి దగ్గరివాడు. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. రోగి భాషలో మాట్లాడతాడు. ఫీజు ఈ రోజే ఇమ్మనడు, పంట చేతికి వచ్చాక ఇచ్చినా సరేనంటాడు. బాబాయనో మామయ్యనో వరుస కలిపి పలకరిస్తాడు. రెండవది, అతని వైద్యం వల్ల కలిగే హాని చిన్నది కాదు. ప్రతి జ్వరానికీ యాంటీబయాటిక్, ప్రతి నీరసానికీ సెలైన్ సీసా, ప్రతి నొప్పికీ స్టెరాయిడ్ అన్న అలవాటు రోగిని తాత్కాలికంగా లేపి నిలబెడుతుంది. లోపల ఉన్న అసలు రోగాన్ని కప్పిపుచ్చుతుంది. అనవసరంగా వాడిన యాంటీబయాటిక్ మందుకు సూక్ష్మజీవులు లొంగకుండా పోతాయి. అప్పుడు నిజంగా అవసరమైననాడు ఆ మందు పనిచేయదు. ఆ నష్టం ఒక్క ఊరితో ఆగదు.

అయితే ఏమి చేయాలి? వీరందరినీ శిక్షించి తొలగించాలని కొందరంటారు. శిక్షణ ఇచ్చి గుర్తింపు ఇవ్వాలని మరికొందరంటారు. ఈ వాదానికి సంబంధించి పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో జరిగిన ఒక ప్రయోగం గమనింపదగినది. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ అందులో ఒక పరిశోధకుడు. అర్హత లేని వైద్యులకు తొమ్మిది నెలల పాటు 150 గంటల శిక్షణ ఇచ్చి ఫలితాలను పరిశీలించారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, శిక్షణ పొందినవారు రోగులకు సరైన చికిత్స చేయడం సుమారు 14 శాతం మెరుగుపడింది. కాని అనవసరమైన మందులు, యాంటీబయాటిక్‌లు ఇవ్వడం మాత్రం తగ్గలేదు. శిక్షణ వల్ల జ్ఞానం పెరుగుతుంది. మందుల అమ్మకం మీదనే జీవనం సాగుతున్నంత కాలం అలవాటు మారదు. అందువల్ల శిక్షించి వెళ్లగొట్టడం ఎంత అసంపూర్ణమో, శిక్షణ ఇచ్చి వదిలివేయడం కూడా అంతే అసంపూర్ణం. ఊరిలో ఉండే ఆరోగ్య సేవకుడికి మందు అమ్మకంతో పనిలేని జీతమూ, పైనుంచి పర్యవేక్షణా ఉండి తీరాలి.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. వైద్యుడు కాని మనిషి చేత చికిత్స చేయించడమంటే పల్లెవాసిని రెండవ తరగతి పౌరుడిగా చూడడమే కదా అని వైద్య సంఘాలు ప్రశ్నిస్తాయి. ప్రశ్న సమంజసమైనదే. సమాధానం మాత్రం అనుభవంలోనే దొరుకుతుంది. మహారాష్ట్రలోని కరవు ప్రాంతమైన జామ్‌ఖేడ్‌లో 1970లో రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే అనే వైద్య దంపతులు పని ప్రారంభించారు. గ్రామస్థులు తమలోనుంచి ఎన్నుకొన్న స్త్రీలకు వారు శిక్షణ ఇచ్చారు. వారిలో చాలామంది అక్షరాలు రానివారు, సమాజం దూరంగా నిలిపినవారు. ఆ స్త్రీలే గర్భిణుల సంరక్షణను, పసిబిడ్డల పోషణను, శుభ్రమైన నీటి ఆవశ్యకతను ఇంటింటికీ తీసుకువెళ్లారు. 1979లో ఆ దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

తెలంగాణకు సరిహద్దున ఉన్న గడ్చిరోలి జిల్లా అనుభవం ఇంకా విశదమైనది. ఆ జిల్లాలోని సిరొంచ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్నారు. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు ఒక సరళమైన ప్రశ్న వేసుకొన్నారు. పుట్టిన నెలలోపే చనిపోయే శిశువులను ఆసుపత్రికి తీసుకురాలేకపోతే, చికిత్సనే ఇంటికి తీసుకుపోలేమా? 39 గ్రామాలలో స్థానిక స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. బిడ్డ బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, శ్వాసను గమనించడం, రక్తంలో విషక్రిమి సోకిన లక్షణాలను గుర్తించి సరైన మందు వేయడం నేర్పారు. 1999లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం నవజాత శిశుమరణాలు 62 శాతం తగ్గాయి. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇంటివద్దనే నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తల విధులలో చేర్చింది. ఆ శిశువులకు అందినది రెండవ తరగతి వైద్యం అనగలవారెవరు? అయితే ఒక సంగతి మరువరాదు. ఆ స్త్రీలకు పని పరిధి స్పష్టంగా ఉన్నది. వెనుక అనుభవజ్ఞులైన వైద్యులున్నారు. చేసిన ప్రతి పనికీ లెక్క ఉన్నది.

తెలుగు నేలమీద ఈ దిశగా జరిగిన ప్రయత్నాలు తక్కువవి కావు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశా కార్యకర్తను పల్లెకు పరిచయం చేసింది. అదే ఏడాది ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవ మొదలై, ప్రమాదవేళ దూరాన్ని ఎంతగానో తగ్గించింది. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ, గుండె శస్త్రచికిత్స వంటి భారీ ఖర్చులను పేదవాడి నెత్తిమీదనుంచి దించింది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం ఉపకేంద్రాలలో శిక్షితులైన మధ్యస్థాయి ఆరోగ్య సేవకులను నియమించే దారి చూపింది. తెలంగాణలో పల్లె దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ ఆరోగ్య క్లినిక్‌లు ఆ క్రమంలో వచ్చినవే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ప్రారంభించిన కుటుంబ వైద్యుని పథకం వైద్యుడే నియమిత దినాలలో గ్రామానికి రావాలన్న భావన మీద రూపొందింది. పెద్ద జబ్బుకు పెద్ద ఆసుపత్రి అవసరమే. కాని రక్తపోటు, మధుమేహం, జ్వరం, కాన్పు అనంతర బలహీనత మొదలైన నిత్యవ్యాధులు ఊరిలోనే పరిష్కారం కావాలి. గుండె శస్త్రచికిత్సకు లక్షలు వెచ్చించడం కన్నా, ఇరవై ఏళ్ల ముందునుంచే రక్తపోటు మాత్రను తప్పకుండా అందించడం అటు రోగికీ ఇటు ఖజానాకూ మేలు.

దగ్గరితనం వల్ల మరొక ప్రయోజనమున్నది. కొన్ని రోగాల మూలం శరీరంలో కాక ఊరి నీటిలో, నేలలో, పనిలో ఉంటుంది. తెలుగు ప్రాంతంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి వివరించారు. నల్లగొండ జిల్లాలో ఆ నీరు తాగి ఎముకలు వంగిపోయినవారి బాధ లోకవిదితం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల నడుమ మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కూల్చివేసింది. దాని కారణం నేటికీ తుదిగా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధి తొలిదశలో దాదాపు ఏ బాధా చూపదు. నగరంలోని నిపుణుడి దగ్గరకు రోగి చేరేసరికి మిగిలేది డయాలిసిస్ మాత్రమే. ఊరిలోనే ఉండి ఏటేటా రక్తాన్ని పరీక్షించే సేవకుడు ఆ వ్యాధిని ఆదిలోనే పట్టుకోగలడు. ఒకే వీధిలో ఒకే జబ్బు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నదన్న సంగతి ఊరిలో ఉన్నవారికే ముందుగా తెలుస్తుంది.

మరి పట్టభద్రులైన వైద్యుల మాటేమిటి? చదువు పూర్తికాగానే ఏడాదిపాటు గ్రామసేవ తప్పనిసరి చేయాలన్న వాదం తరచు వినవస్తుంది. ప్రజాధనంతో చదివినవారు ప్రజలకు ఋణపడి ఉన్నారన్నది కాదనరాని మాట. కాని ఒప్పంద పత్రం మనిషిని కట్టివేయగలదేగాని మనసును నిలపలేదు. ఏడాదికొకరు మారుతుంటే రోగికి నమ్మకం కుదిరేలోగానే వైద్యుడు వెళ్లిపోతాడు. అంతకన్నా పల్లెలలో పుట్టి పెరిగిన విద్యార్థులకు వైద్యకళాశాలలో ఎక్కువ అవకాశం కల్పించడం, గ్రామంలో ఎక్కువ కాలం పనిచేసినవారికి ఉన్నత విద్యలో ప్రాధాన్యమివ్వడం, మంచి నివాసం, అదనపు భత్యం, భద్రత సమకూర్చడం ఫలవంతమైన మార్గాలు. వైద్య విద్యార్థులు పల్లెలోని కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యాన్ని గమనించాలన్న ఇటీవలి నియమం మంచిదే. అది హాజరుపట్టీలో సంతకంగా మిగిలిపోకుండా చూడాలి.

గ్రామస్థుల బాధ్యత కూడా ఉన్నది. సూది వేయనివాడు వైద్యుడే కాడన్న భ్రమను వారు విడనాడాలి. మందు వద్దని చెప్పే వైద్యుణ్ణి గౌరవించడం నేర్చుకోవాలి. ఉపకేంద్రంలో మందులున్నాయా, పాముకాటు విరుగుడు దగ్గరలో ఎక్కడ లభిస్తుంది, రాత్రివేళ ఎవరుంటారు అన్న ప్రశ్నలను గ్రామసభలో అడగాలి. రోడ్డు కోసం, నీటికుళాయి కోసం అడిగినంత గట్టిగా ఆరోగ్యం కోసం అడిగిన ఊరు అరుదు. అడగని ఊరికి ఏ పథకమూ పూర్తిగా చేరదు.

ప్రతి ఏటా వేలాది మంది జూనియర్ కళాశాల విద్యార్థులు వైద్యవిద్య ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్నారు. వారిలో ఎందరో పల్లెల నుంచి వచ్చినవారే. ర్యాంకు, సీటు, నిపుణత్వం, నగరంలో సొంత ఆసుపత్రి అన్న ఒకే బాటను వారి ముందు పరచి, అదే విజయమని చెబుతున్నది సమాజం. ఆ నిర్వచనం మారవలసి ఉన్నది. వైద్యుడే కానక్కరలేదు, నర్సుగా, ప్రయోగశాల నిపుణుడిగా, ఆరోగ్య సేవకుడిగా పల్లెలో పనిచేసే యువకునికీ యువతికీ తగిన జీతమూ గౌరవమూ దక్కాలి. ఒక రాష్ట్రపు వైద్యప్రగతిని దాని రాజధానిలోని ఆసుపత్రి అంతస్తులను లెక్కించి నిర్ణయించడం పొరపాటు. చిట్టచివరి పల్లెలో పసిబిడ్డకు అర్ధరాత్రి ఆయాసం వచ్చినప్పుడు, ఆ తల్లి ఎన్ని అడుగులు నడిస్తే సహాయం దొరుకుతుందో లెక్కించాలి. ఆ అడుగుల సంఖ్య ఏటేటా తగ్గుతూ పోయేలా చూడడమే ప్రభుత్వాల, వైద్యుల, పౌరుల ఉమ్మడి కర్తవ్యం.